పప్రికా: అతుకు కనబడని కల

సినిమా అయిపోయి తెర మీద పేర్లు పడుతుంటాయి. పక్కన కూర్చున్నవారు "ఎంత బాగుందో!" అంటారు. ఒక నిమిషం ఆగి "కానీ ఏమీ అర్థం కాలేదు" అని కూడా అంటారు. జపాన్ దర్శకుడు సతోషి కోన్ 2006లో తీసిన యానిమేషన్ చిత్రం 'పప్రికా' గురించి ఇన్నేళ్లుగా వినిపిస్తున్న మాటలు ఈ రెండే. రెండూ చాలాసార్లు ఒకే నోట, ఒకే ఊపిరిలో వస్తాయి. మొదటి మాట పొగడ్త, రెండోది ఫిర్యాదు అనుకుంటాం గానీ, కాస్త నిదానంగా చూస్తే రెండూ ఒకే కారణం నుంచి పుట్టాయని తెలుస్తుంది.

నిజానికి కథలో అంత చిక్కేమీ లేదు. యసుతాకా త్సుత్సుయి 1993లో పుస్తకంగా తెచ్చిన నవల దీనికి ఆధారం. మానసిక చికిత్స కోసం పరిశోధన చేసే ఒక సంస్థలో డీసీ మినీ అనే చిన్న పరికరం తయారవుతుంది. తలకు తగిలించుకుంటే చాలు, రోగి కల రికార్డవుతుంది. వైద్యులు ఆ కలలోకి అడుగుపెట్టవచ్చు కూడా. దాన్ని కనిపెట్టిన తొకితా భారీ మనిషి, పసివాడి మనసు. అతనితో పనిచేసే డాక్టర్ అత్సుకో చిబా ముక్తసరిగా మాట్లాడే, నవ్వని మనిషి. కలలోకి దిగితే మాత్రం ఆమె పప్రికా అనే చిలిపి అమ్మాయి. పరికరాలకు ఇంకా తాళం లాంటి రక్షణ అమర్చకముందే కొన్ని దొంగతనానికి గురవుతాయి. వాటితో ఎవరో మెలకువగా ఉన్నవారి బుర్రలోకి ఇతరుల కలలు ఎక్కించడం మొదలుపెడతారు. చివరికి ఈ పని వెనుక సంస్థ అధ్యక్షుడే ఉన్నాడని తేలుతుంది. (రహస్యం ముందే చెప్పేసినందుకు బాధపడనక్కర్లేదు. ఈ సినిమాలో దొంగ ఎవరన్నది చాలా చిన్న విషయం.) ఇదంతా ఒక మామూలు నేరపరిశోధన కథ. సంక్లిష్టమైన వంశవృక్షాలు లేవు, గుర్తుపెట్టుకోవలసిన పేర్లు పది కూడా లేవు. మరి ప్రేక్షకుడు ఎక్కడ తప్పిపోతున్నాడు?

కలలో ఉన్న మనిషిని ఒకసారి గమనించండి. అతను చిన్నప్పటి బడిలో ఉంటాడు. తరగతి తలుపు తీస్తే రైలుపెట్టె. పెట్టెలో కిటికీ పక్కన ఎప్పుడో చనిపోయిన బంధువు కూర్చుని తాపీగా పేపరు చదువుతుంటాడు. ఆ బడికి ఏ దారిన వచ్చానన్న ప్రశ్న అతనికి పుట్టనే పుట్టదు. పోయిన మనిషి ఎదురుగా కనిపిస్తే ఆశ్చర్యపోవాలన్న ఆలోచనా రాదు. మెలకువలో మనం ఎక్కడున్నామో తెలియడానికి అసలు ఆధారం, ఇక్కడికి ఎలా వచ్చామో గుర్తుండటం. కల మొదట తీసుకుపోయేది దాన్నే.

దీని వెనుక ఉన్న శారీరక కారణాలు కొన్ని తెలిసినవే. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే ఒక దశ ఉందని ప్రకటించారు. ఆ దశలో లేపితే మనుషులు రంగులతో, మనుషులతో, సంఘటనలతో నిండిన కలలు చెబుతారు. తర్వాతి కాలంలో నిద్రిస్తున్న మెదడును చిత్రాలు తీసి చూస్తే, ఈ దశలో భావోద్వేగాలకు సంబంధించిన భాగాలు బాగా చురుగ్గా ఉన్నాయి; నుదుటి వెనుక ఉండి తర్కానికి, ముందువెనుకలు చూసుకోవడానికి తోడ్పడే ప్రాంతాలు కొన్ని మందగించి ఉన్నాయి. బొమ్మలు గీసేవాడు పనిలో ఉన్నాడు, తనిఖీ అధికారి సెలవు పెట్టాడు అన్నమాట. ఏ బొమ్మ వచ్చినా సంతకం పెట్టి లోపలికి పంపేస్తారు.

సినిమాకు పుట్టుకతోనే ఈ అలవాటు ఉంది. ఒక షాట్‌లో మనిషి ఆఫీసు తలుపు మూస్తాడు, తర్వాతి షాట్‌లో ఇంట్లో చెప్పులు విప్పుతుంటాడు. మధ్యలో దారి ఏమైందని ఎవరూ అడగరు. ఆ దారిని ప్రేక్షకుడే ఊహతో పూరించుకుంటాడు. దర్శకుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఇది చెప్పుకోని ఒప్పందం: దారి చూపించకపోయినా, దారంటూ ఒకటి ఉందని నమ్మకం. కోన్ చేసిందల్లా ఈ నమ్మకాన్ని వాడుకోవడం. అతని కట్‌కు, అంటే ఒక షాట్ ముగిసి మరో షాట్ మొదలయ్యే చోటుకు, అటూ ఇటూ మధ్య దారి లేదు. కానీ కట్ మాత్రం దారి ఉన్నంత నున్నగా సాగిపోతుంది. అనుమానం వచ్చేసరికి ప్రేక్షకుడు మరో మూడు కట్‌లు దాటి ఉంటాడు.

పప్రికా దగ్గర చికిత్స పొందే పోలీసు డిటెక్టివ్ కొనకావాకు చిత్రం మొదట్లోనే వచ్చే కల దీనికి మంచి ఉదాహరణ. సర్కస్ గుడారంలో మొదలవుతుంది. ఒక బుల్లి కారు బరిలోకి వస్తుంది, అందులోంచి విదూషకుడు దిగుతాడు. చూస్తుండగానే కొనకావా బరి మధ్యలో బోనులో ఇరుక్కుని ఉంటాడు. గుంపు అతని మీదికి పరుగెత్తుకొస్తుంది, ఆ గుంపులో ప్రతి ముఖమూ అతనిదే. నేల మెత్తబడి అతన్ని మింగేస్తుంది. పడుతూ పడుతూ ఊడ పట్టుకున్న అడవి మనిషి అవుతాడు, తర్వాత రైలుపెట్టెలో ఎవరో అతని గొంతు బిగిస్తుంటారు, ఆ తర్వాత అతను మరో పాత సినిమా ముక్కలో ఉంటాడు. చివరికి ఒక నడవా. ఎవరో కాల్పులకు గురై గాలిలో ఉండగానే ఆగినట్టు పడిపోతుంటారు. కొనకావా హంతకుడి వెనుక పరుగెత్తుతాడు, నడవా గోడలు, నేల, అన్నీ గాలికి ఊగే గుడ్డలా అలలు తిరుగుతాయి, కాలు ఆనదు. అక్కడ మెలకువ వస్తుంది.

ఇక్కడ ఒక్కో ముక్కకూ మధ్య దేన్ని పట్టుకుని దాటించాడో చూస్తే పనితనం తెలుస్తుంది. కారణం ఒక్కచోట కూడా లేదు. దాటించేది శరీరపు కదలిక. పడటం ఊగడంగా మారుతుంది, ఊగుతున్న చేయి పెనుగులాడే చేయి అవుతుంది. స్థలం మారినా భంగిమ మారదు. కన్ను భంగిమను అనుసరించి వెళ్లిపోతుంది, బుద్ధి వెనుకబడి ఆయాసపడుతుంది. 'అర్థం కాలేదు' అన్న మాటకు అసలు అర్థం ఇదే: కన్ను ముందే చేరుకున్న చోటికి బుద్ధి ఆలస్యంగా చేరింది.

మనుషులతో తీసే సినిమాలోనూ కలలు చూపిస్తారు. కానీ అక్కడ ఎంత దాచినా ఒక అతుకు మిగులుతుంది. పొగ వస్తుంది, బొమ్మ అలుక్కుపోతుంది, రంగు మారుతుంది, లేదా కంప్యూటర్ చేసిన వింత పక్కన నిజం మనిషి నిలబడి ఉంటాడు, రెండూ వేరువేరు పదార్థాలని కన్ను పసిగట్టేస్తుంది. కలల్లోకి చొరబడే కథతోనే వచ్చిన 2010 నాటి హాలీవుడ్ చిత్రం 'ఇన్సెప్షన్'లో తిరిగే నడవా కోసం నిజంగానే తిరిగే సెట్టు కట్టారు. అది గొప్ప శ్రమే, చూడటానికీ గొప్పగా ఉంటుంది. అయితే ఆ బరువు తెర మీద తెలుస్తుంది, తెలియడమే దాని అందం. గీసిన సినిమాలో ఈ తేడాకు చోటే లేదు. డాక్టర్ చిబా తాగే కాఫీ కప్పూ, కలలో నడిచే ఫ్రిజ్జూ ఒకే గీతతో, ఒకే రంగు డబ్బాలోంచి వచ్చాయి. వాస్తవానికి ఇక్కడ ఏ పదార్థమూ ప్రత్యేకంగా లేదు. అందుకే కల ఎక్కడ మొదలైందో చెప్పే ఆధారాన్ని ప్రేక్షకుడు బొమ్మలో వెతికితే దొరకదు.

బొమ్మలు కదలడం మొదలైన నాటి నుంచీ ఈ శక్తి అందరికీ తెలుసు. 1908లో ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ తీసిన రెండు నిమిషాలైనా లేని చిత్రంలో ఒక సీసా పువ్వుగా మారిపోతుంది, దానికి ఎవరూ సంజాయిషీ ఇవ్వరు. అమెరికాలో విన్సర్ మెకే 1905లో ఒక పత్రికలో 'లిటిల్ నీమో' అనే బొమ్మల కథ మొదలుపెట్టాడు. వారం వారం ఆ పిల్లవాడు రాజభవనాల్లో, ఆకాశాల్లో తిరిగి, చివరి గడిలో మంచం మీదో మంచం కిందో మెలకువకు వస్తాడు. 1911లో మెకే ఆ పిల్లవాడినే కదిలే బొమ్మగానూ తీశాడు. పత్రికలోని ఆ చివరి గడి చాలా ముఖ్యం. పాఠకుడికి అదే హామీ: ఎంత దూరం వెళ్లినా, పేజీ కింద కుడి మూలన మంచం ఉంటుంది. కోన్ ఆ మూలగడిని చింపేశాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అక్కడ మంచం బొమ్మ గీసి, దాన్ని కూడా కలలో భాగం చేశాడు.

చిబా ఒక అనుమానితుడి అపార్ట్‌మెంట్‌కు వెళ్లే సన్నివేశం చూడండి. ఇరుకు గది, చిందరవందరగా వస్తువులు, బొమ్మలు. లోపలి నుంచి ఒక దారి, ఆ దారి చివర పాడుబడిన వినోద ఉద్యానవనం. అపార్ట్‌మెంట్‌లో ఉద్యానవనం ఏమిటని అడగాల్సింది అక్కడే, కానీ ఆమె అడగదు, ఆమె వెంటపోతున్న ప్రేక్షకుడూ అడగడు. దూరంగా ఒక బొమ్మ పిలుస్తున్నట్టు కదులుతుంది. ఆమె ఒక కంచె ఎక్కి అవతలికి కాలు వేయబోతుంది. ఆ కంచె అపార్ట్‌మెంట్ బాల్కనీ రెయిలింగ్ అనీ, కాలు వేయబోతున్నది గాలిలోకనీ అప్పుడు తెలుస్తుంది. ఇందులో మోసం ఎక్కడుంది? రెయిలింగ్ అంతకుముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాని చుట్టూ ఉన్నది మారింది. అందంగా గీసిన ఒక నేపథ్యం ప్రాణం మీదికి తెచ్చింది.

అంతకంటే ముందే, ఇంతకంటే చిన్నదీ ఇంతకంటే భయం పుట్టించేదీ ఒకటి జరుగుతుంది. సంస్థ ముఖ్యుడు షిమా (అధ్యక్షుడు వేరే మనిషి), పొట్టివాడు, పెద్దరికం ఉన్నవాడు, దొంగతనం గురించి మాట్లాడుతుంటాడు. ఒక వాక్యం సవ్యంగా మొదలవుతుంది. మధ్యలో ఎక్కడో పట్టాలు తప్పుతుంది. వ్యాకరణం చెడదు. కర్త, కర్మ, క్రియ వాటి చోట్లలోనే ఉంటాయి. గొంతులో అదే గాంభీర్యం, ముఖంలో అదే ధీమా. కానీ మాటల్లో కప్పలు, వాద్యాలు, ఊరేగింపు వచ్చి చేరతాయి. విన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోపు ఆయన పరుగందుకుని కిటికీ అద్దం పగలగొట్టుకుని కిందికి దూకేస్తాడు.

నిద్రలో మాట్లాడటాన్ని తెలుగులో కలవరింత అంటాం, మెలకువలో మనసుకు పట్టే గాభరాను కలవరం అంటాం. షిమా కలవరిస్తున్నాడు, చుట్టూ ఉన్నవారికి కలవరం. అతను మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. ఈ సినిమా పెట్టే తికమకకు ఇంతకంటే స్పష్టమైన నమూనా మరొకటి లేదు. కల వేరే లోకంలా తలుపు తీసుకుని రావడం లేదు, మాట్లాడుతున్న వాక్యంలోనే ఒక పదం స్థానంలో మరో పదంగా దూరుతోంది. అతుకు పడింది వాక్యం లోపల. అది కనబడేసరికి ఆలస్యమైపోయింది.

ఇక చిత్రాన్ని చూసిన ప్రతివారికీ గుర్తుండిపోయే ఊరేగింపు. ఫ్రిజ్జులు, తపాలా పెట్టెలు, జపాన్ గుడుల ముందు ఉండే తోరీ ద్వారాలు, చేయి ఊపి పిలిచే పిల్లి బొమ్మలు, వాద్యాలు వాయించే కప్పలు, గాజు కళ్ల బొమ్మలు, రోబోలు: వేల వస్తువులు రంగు కాగితాల వానలో కదిలి వస్తుంటాయి. చేతి గీతకు కంప్యూటర్ బొమ్మలు తోడై ఆ గుంపు సాధ్యమైంది. సుసుము హిరాసావా సంగీతం ఆ అడుగులకు ఊపునిస్తుంది. ఆయన ఈ చిత్రానికి కంప్యూటర్ పుట్టించిన గొంతును కూడా పాటలో వాడారు. మనిషి గొంతో కాదో తేలని ఆ స్వరం ఈ కథకు అతికినట్టు సరిపోయింది.

మొదటిసారి చూసినప్పుడు ఊరేగింపు పండగలా ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు ఆ గుంపులో ఎవరూ ఎవరినీ చూడటం లేదని గమనిస్తాం. అందరి ముఖాలూ నవ్వుతుంటాయి, అందరూ ముందుకే చూస్తుంటారు. వస్తువులన్నీ ఒకప్పుడు ఎవరో కోరుకుని, కొనుక్కుని, పూజించి, ఆపైన పారేసినవి. సినిమా చివరి భాగంలో ఈ ఊరేగింపు నగరంలోకి వచ్చేసరికి మనుషులే వస్తువులుగా మారిపోతుంటారు. కొందరి తలలు ఫోన్లవుతాయి. సూటు వేసుకున్న ఉద్యోగులు భవనం పైనుంచి ఈతపోటీలో దూకినట్టు వరసగా, చక్కని భంగిమల్లో, నవ్వుతూ దూకుతుంటారు. ఆ దూకుడు చాలా అందంగా గీశారు. అందంగా ఉండటమే అక్కడ భయం. అందువల్ల 'కథ అర్థం కాలేదు గానీ బొమ్మలు బాగున్నాయి' అన్న మాట వినడానికి ఉదారంగా ఉన్నా సరైంది కాదు. బొమ్మల అందం కథ మీద పూసిన మెరుగు కాదు; పాత్రలను పట్టి లాక్కుపోతున్నది ఆ అందమే. ప్రేక్షకుడు దాని వెంట నోరు తెరుచుకుని వెళ్లినప్పుడు, షిమాకు ఏమైందో అతనికీ కొంత అయినట్టే.

గీసిన సినిమా గురించి తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. అందులో పొరపాటున ఏదీ జరగదు. కెమెరా పెట్టి తీస్తుంటే అనుకోకుండా ఒక కాకి ఎగురుతుంది, వెనుక ఎవరో నడిచిపోతారు. ఇక్కడ కాకి కావాలంటే ఎవరో కూర్చుని గీయాలి. సెకనుకు 24 ఫ్రేములు, సుమారు 90 నిమిషాలు, అంటే దాదాపు 1,30,000 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ ఉండదు, ఒకే బొమ్మను రెండు మూడు ఫ్రేములకు నిలపడం మామూలే. అయినా అన్ని వేల బొమ్మల్లో ప్రతిదీ ఎవరో ఒకరు ముందు నిర్ణయించి గీసిందే. కోన్ స్టోరీబోర్డులు, అంటే ఒక్కో షాట్ ఎలా ఉండాలో ముందే గీసుకునే బొమ్మలు, ఎంతో వివరంగా ఉండేవని పేరు. అంటే తెర మీద గందరగోళంగా కనబడేది కాగితం మీద అణువణువూ లెక్క తేలినదే. నిద్రలో వచ్చే అసలు కలకూ ఈ సినిమాకూ ఉన్న పెద్ద తేడా ఇది. కలను ఎవరూ దిద్దరు.

పేర్లు పడే మొదటి రెండు నిమిషాలే ఈ దిద్దుబాటుకు సాక్ష్యం. రాత్రి నగరం. పప్రికా స్కూటరు మీద వెళ్తుంటుంది. లారీ పక్క మీద వేసిన బొమ్మలోకి దూకి రాకెట్ ఎక్కుతుంది, ప్రకటన పలకల మీదుగా నగరాన్ని దాటుతుంది, చిటిక వేస్తే రోడ్డు మీద వాహనాలన్నీ ఆగిపోతాయి, ఎవరో కుర్రాడి చొక్కా మీది బొమ్మయి అతనితోపాటే జారిపోతుంది. చివరికి కారు నడుపుతున్న చిబాలో కలిసిపోతుంది. ఒక్క మాట లేదు. కానీ సినిమా నియమం మొత్తం ఇక్కడే చెప్పేశారు: ఈ నగరంలో ప్రతి చదునైన తలమూ ఒక తలుపు. అద్దం, తెర, పోస్టరు, కంప్యూటర్, చివరికి మనిషి చర్మం. ఆ పైన జరిగే ప్రతి వింతా ఈ ఒక్క నియమానికి లోబడే ఉంటుంది. నియమం తెలియక తప్పిపోయామనే వాళ్లు చాలామంది పేర్లు పడుతున్నాయి కదా అని ఈ రెండు నిమిషాల్లో పక్కవారితో మాట్లాడి ఉంటారు.

'ఇన్సెప్షన్'తో పోలిక పెట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న వాదనలో పస లేదు గానీ, రెండూ ప్రేక్షకుడిని నమ్మే తీరులో తేడా ఉంది. అక్కడ కలకు అంతస్తులు ఉంటాయి, ఒక్కో అంతస్తులో కాలం ఎంత నెమ్మదిస్తుందో లెక్క చెబుతారు, కలా నిజమా తేల్చుకోవడానికి చేతిలో ఒక వస్తువు ఇస్తారు. అది మేలుకున్న మనిషి గీసిన కల పటం. 'పప్రికా' పటం ఇవ్వదు. ఇందువల్ల మొదటిది చూసినవారు లెక్క సరిపోయిందా లేదా అని వాదించుకుంటారు. రెండోది చూసినవారు తాము ఏం చూశామో చెప్పడానికి తడుముకుంటారు, చేతులు తిప్పుతూ వర్ణిస్తారు. పొద్దున లేచి కల చెప్పేవారు చేసేదీ ఇదే.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ కలల మీద రాసిన పెద్ద గ్రంథం 1899 చివర్లో వెలువడింది, పుస్తకం మీద మాత్రం 1900 అని ఉంటుంది. అందులోని సిద్ధాంతాలు చాలా వరకు ఇప్పుడు నిలవడం లేదు. ఒక్క పరిశీలన మాత్రం ఈ సినిమా చూసేవారికి పనికొస్తుంది. కలను గుర్తు చేసుకునేటప్పుడు మనసు దాన్ని ఉన్నదున్నట్టు ఉంచదు. ఖాళీలు పూడ్చి, ముందువెనుకలు సర్ది, కథలాంటిదాన్ని తయారు చేస్తుంది. సినిమా అయిన వెంటనే 'ఇది ఎవరి కల? అప్పటికి నిజం ఎంత? చివర్లో అందరూ మేలుకున్నట్టేనా?' అని పట్టికలు గీయడం ఈ సర్దుబాటే. అందులో తప్పేమీ లేదు, సరదాగానే ఉంటుంది. కాకపోతే పట్టిక పూర్తయ్యాక చేతిలో మిగిలేది ఆ మామూలు నేరపరిశోధన కథే. ఏది తొలగిస్తే పట్టిక తయారైందో అదే సినిమా.

అందం పేరు చెప్పి లోపాలను కప్పిపుచ్చనక్కర్లేదు. ప్రతినాయకుడు బలహీనుడు. కలల పవిత్రతను సాంకేతికత నుంచి కాపాడతానని ఉపన్యాసాలిచ్చే మనిషి అదే పరికరంతో లోకాన్ని మింగాలనుకోవడంలో వ్యంగ్యం ఉంది, కానీ మనిషి లేడు. నల్లని మహాకాయుడిగా నగరం మీద నిలబడిన తర్వాత జరిగేది కాస్త సాధారణమైన కొట్లాట. చిబాకు తొకితా మీద ఉన్న ప్రేమ చివర్లో బయటపడుతుంది. దానికి ముందు వేసిన పునాది పలుచన. ఇక ఒసనాయి అనే సహోద్యోగి పప్రికాను సీతాకోకచిలుకలా బల్లకు గుచ్చి, చర్మం చీల్చి లోపలి చిబాను బయటికి తీసే సన్నివేశం ఉంది. చిత్రంలోని అద్భుతమైన దృశ్యాల్లో అది ఒకటి, చూడటానికి ఎంతో ఇబ్బంది పెట్టేదీ అదే. ఆడదాని శరీరాన్ని తెరిచి చూడాలన్న మగవాడి ఆశను సినిమా ఎత్తిచూపుతోందా, తానూ అందులో కొంత పాలు పంచుకుంటోందా అన్నది తేలదు. ఎత్తిచూపడమేనని వాదించవచ్చు. కెమెరా అక్కడ నిలిచినంత సేపు చూస్తే ఆ వాదన అంత గట్టిగా నిలబడదు.

డీసీ మినీ పూర్తిగా ఊహే అయినా, దాని నీడ ప్రయోగశాలల్లో పడింది. 2013లో క్యోటో ప్రాంతానికి చెందిన యుకియాసు కమితాని, సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ముగ్గురు వ్యక్తులను మెదడు స్కానరులో పడుకోబెట్టి, నిద్రలోకి జారుతుండగా పదే పదే లేపి ఏం కనబడిందో అడిగారు. మెలకువలో బొమ్మలు చూసేటప్పుడు వారి మెదడు ఎలా స్పందిస్తుందో కంప్యూటర్‌కు నేర్పి, దాని సాయంతో నిద్రలో కనబడినది ఏ రకమైన వస్తువో ఊహించారు. గుడ్డిగా చెప్పేదానికంటే మెరుగ్గా చెప్పగలిగారు. గమనించవలసింది, యంత్రం ఇచ్చిన జవాబు ఏ రూపంలో ఉందన్నది. మనిషి, వాహనం, భవనం... అంటే నామవాచకాల జాబితా. వాక్యం లేదు, క్రియ లేదు, ఎవరికి ఏం జరిగిందో లేదు. ఊరేగింపులో కదిలి వచ్చే ఫ్రిజ్జులూ కప్పలూ పిల్లి బొమ్మలూ కూడా సరిగ్గా అలాంటి జాబితానే. మనిషి నుంచి విడదీసిన కలలో మిగిలేది వస్తువుల పేర్లే.

ఆ జాబితాలో కలవకుండా నిలిచిన కల ఈ సినిమాలో ఒక్కటే ఉంది, అది కొనకావాది. తప్పిపోయిన ప్రేక్షకుడు పట్టుకుని నడవడానికి దొరికే దారం కూడా అదే. తనకు సినిమాలంటే ఇష్టం లేదని అతను గట్టిగా చెబుతాడు. కానీ అతని కల ముక్కలన్నీ సినిమాల్లోవే. ఒకచోట కలలో దర్శకుడి టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కెమెరా దాటకూడని ఊహారేఖ గురించి పప్రికాకు పాఠం కూడా చెప్పేస్తాడు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే వారి మధ్య ఒక గీత ఉందనుకోవాలి, కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలి, అవతలికి దాటితే ఎవరు ఎటు చూస్తున్నారో ప్రేక్షకుడికి తెలియకుండా పోతుంది. ప్రేక్షకుడు దారి తప్పకుండా ఉండటానికి సినిమా కనిపెట్టిన సూత్రమిది. ప్రేక్షకుణ్ని దారి తప్పించడమే పనిగా పెట్టుకున్న సినిమాలో, సినిమాలంటే పడదనే మనిషి నోట దాన్ని చెప్పించారు.

అతని సంగతి మెల్లగా బయటికి వస్తుంది. పప్రికా ఇచ్చిన కార్డు మీది ఇంటర్నెట్ చిరునామాకు వెళ్తే ఒక బార్ తెరుచుకుంటుంది, అక్కడ ఇద్దరు మర్యాదస్తులైన పనివాళ్లు అతనికి మద్యం పోసి మాటలు వింటారు. ఆ ఇద్దరికీ గొంతునిచ్చింది కోన్, త్సుత్సుయిలే. కథ రాసినవాడూ సినిమా తీసినవాడూ కౌంటరు వెనుక నిలబడి తమ పాత్ర గోడు వింటున్నారన్నమాట. పదిహేడేళ్ల వయసులో కొనకావా, అతని స్నేహితుడు కలిసి ఒక నేరపరిశోధన సినిమా తీయబోయారు. పూర్తికాలేదు. స్నేహితుడు సినిమా దారిలోనే వెళ్లాడు, తర్వాత జబ్బుతో పోయాడు. కొనకావా పోలీసయ్యాడు. నడవాలో కాల్పులకు గురై ఎన్నిసార్లయినా పడిపోతూనే ఉన్న ఆ మనిషి వెనుక ఉన్నది పరిష్కారం కాని హత్యకేసు ఒక్కటే కాదు. 'మరి మిగతాది?' అని ఎవరో అడుగుతున్న గొంతు కూడా ఆ నడవాలో ఉంది. నేల అలలు తిరిగినందువల్ల అతను హంతకుణ్ని అందుకోలేకపోయాడని మొదట అనుకుంటాం. పరుగెత్తుతున్నవాడికి అందుకోవాలని లేకపోతే నేల మాత్రం ఏం చేస్తుంది?

ఈ దారం పట్టుకుని రెండోసారి చూస్తే చిత్రం మొత్తం ఒక్కసారిగా అర్థమైపోదు. నగరం మీద మహాకాయుడు ఎందుకు నిలబడ్డాడో అప్పుడూ అంతగా అక్కర ఉండదు. కానీ మొదటి సర్కస్ గుడారంలో గుంపు ముఖాలన్నీ ఎందుకు అతనివో తెలుస్తుంది. ఒక కలకు సొంతదారు దొరికితే మిగతా కలలకు సొంతదారు లేకపోవడం ఎంత భయంకరమో కూడా తెలుస్తుంది.

సతోషి కోన్ 2010 ఆగస్టులో, 46 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన ముగించిన చివరి పూర్తి నిడివి చిత్రం ఇదే. తర్వాత మొదలుపెట్టిన చిత్రం పేరు తెలుగులో చెప్పాలంటే 'కలలు కనే యంత్రం'. అది సగంలో ఆగిపోయింది. 'పప్రికా' చివరి దృశ్యంలో కొనకావా ఒక సినిమా హాలు ముందుకు నడిచి వస్తాడు. గోడ మీద కోన్ అంతకుముందు తీసిన చిత్రాల పోస్టర్లు ఉంటాయి. వాటి పక్కన 'కలలు కనే పిల్లలు' అనే మరో సినిమా ఆడుతుంటుంది. అతను కాసేపు నిలబడి చూస్తాడు. తర్వాత టికెట్ కౌంటరు దగ్గరికి వెళ్లి, పెద్దవాళ్ల టికెట్ ఒకటి ఇవ్వమంటాడు.